లోపలి వైపు

షువేఖ్‌లో మా షెడ్డు రేకుల కింద
పొద్దున ఎనిమిదికే స్పానరు చెయ్యి కాలుస్తాది.
ఎండలోంచి వచ్చిన బండిని వెంటనే ముట్టగూడదు.
తడిగుడ్డ కప్పి, ఒక చాయ్ తాగి రావాల.
అంతవరకూ అది
టిక్కు టిక్కుమంటా తనలో తాను మాట్లాడుకుంటాది.

మిషాల్ తెచ్చిన బండి. నీలం రంగు, వెయ్యి సీసీ.
ఇంజను మీది ప్లాస్టిక్ మూతలు ఎండకు తెల్లబారి
పొట్టు లేసిన ఉల్లిగడ్డల మాదిరుండాయి.
కొత్త కార్బన్ మూతల డబ్బా బెంచీ మీద పెట్టి
"పాతవి పారెయ్" అన్యాడు,
తమ్ముని కారెక్కి ఎళ్ళిపాయ.

ప్లాస్టిక్ దగ్గర బలం పనికిరాదు.
బలమంతా ఇనుము దగ్గర చూపియ్యాల,
దీన్ని బతిమాలాల.
పిన్ను నడిమధ్యన ఒక్క మిల్లీమీటరు నొక్కితే
క్లిక్కుమనేది చెవికి గాదు, యేలి కొసకు వినపడాల.
తర్వాత మరలు. పొడుగువీ పొట్టివీ కలిసే ఉంటాయి.
ఖర్జూరాల పెట్టె అట్ట చింపి
దాని మీద ఇంజను బొమ్మ గీసి
యాడి మర ఆడనే గుచ్చుకోవాల.
పొడుగు మర పొట్టి గుంతలో దిగిందా,
అల్యూమినియం లోపల్నించి పగుల్తాది,
చప్పుడు గూడా రాదు.
ఇదంతా మస్తానయ్య చెప్పిచ్చిన సదువు.

ఆఖరి కొక్కెం ట్యాంకు కింద, చీకట్లో.
ఉందని తెలిసినోనికే అది ఉంటాది.
తెలీనోడు లాగుతాడు. టప్.
ఆ టప్ ఖరీదు నలభై దీనార్లు,
జీతంలో కోత.

ఎడమ మూత ఊడొచ్చింది.
లోపల రెండు తుపాన్ల ఇసక,
కాళ్ళు మడిచి ఎండిపోయిన ఒక మిడత.
దులిపి, తిప్పి చూస్తి.

పగులుకు అడ్డంగా రాగితీగ కుట్లు,
కాల్చి, ప్లాస్టిక్‌లోకి దించినవి.
తొమ్మిది. ఎనిమిది సమానం, మొదటిది వంకర.
కింద తెల్ల పెయింటుతో ఒక అక్షరం: ఎ.
ఎడమకు ఎ.

బెంగాలీ రఫీకుల్ తొంగిచూసి
"ఏమి బొమ్మ అది, నత్తా?" అన్యాడు.
నేను మాట్లాడల్యా.
మస్తానయ్యకు కుడిచేతి బొటనేలు సగమే.
మొదటి కుట్టు ఎప్పుడూ వంకరే పోతాది,
రెండోదానికి గాని పట్టు దొరకదు.

కఫీలుతో చెడి, అకామా పోయి,
ఖల్లివల్లీ అయి ఆయన మాయమై నాలుగేండ్లు.
ఎడారిలో పోయినాడని ఒకడు, జైల్లో అని ఒకడు.
నేనూ ఒకటి అనుకున్యా, బయటికి చెప్పల్యా.

బండి నంబరు ప్లేటు తుడిచి చూస్తి.
చాసిస్ మీది అచ్చులు చూస్తి.
రెండోసారి గూడా చూస్తి.
ఈ మోడలు పుట్టిందే
రెండేండ్ల కిందట.

స్టూలు లాక్కోని కూచుంటి.
ఫ్యాను ఇసకను ఈ మూల నుంచి ఆ మూలకు
తోస్తానే ఉంది.

సాయంత్రం మిషాల్‌ను అడిగితే
"సెకండ్‌హ్యాండు కొన్యాను. జహ్రా వాడెవడో."
అంతే. ఇంకా అడిగితే ఎందుకంటాడు.
ఎందుకని చెప్పేది?
దాక్కున్నోని పేరు నోట్లో ఉంటేనే
వాన్ని పట్టిచ్చినట్లు.

కార్బన్ మూత తేలిక, నల్లగా మెరుస్తాది,
లోపలి వైపు మాత్రం గరుకు.
తెల్ల పెయింటు తీసి అక్షరం రాస్తి: ఎ.
దాని పక్కన ఇంకా చిన్నగా: చూసినా.
తర్వాత ఇంజను మీద పెట్టి, పిన్నులు గుచ్చి,
అట్ట మీది మరలు ఒక్కొక్కటే యాడివి ఆడ బిగిస్తి.
బయటికి ఏమీ కనపడదు.
మిషాల్ అద్దంలో మాదిరి దాంట్లో మొకం చూసుకోని
మూడు దీనార్లు ఎక్కువిచ్చినాడు.

పాత మూతను నేను పారెయ్యల్యా.
హసావీ రూములో, మంచం కింద, బూట్ల పక్కన ఉంది.

రాత్రి ప్యాంటు విప్పి కొక్కేనికి తగిలిస్తే
జేబులోంచి ఏదో పడి గుండ్రంగా దొర్లిపాయ.
రబ్బరు వాషరు. ఆ బండిదే. ఎడమదే.
పదకొండేండ్లలో నా చేతిలో మిగిలిన మొదటిది.

పొద్దున్నే ఫోన్ చేసి పిలవాల.
మళ్ళీ విప్పాల.